పాత ధర

టొలీడోలో అర్ధరాత్రి.
షట్టర్లు దించిన స్టోరులో వెర్నా లిప్కా ఒక్కతే,
చేతిలో లేబుల్ గన్.
టక్. టక్.
ఎవరో ఎక్కడో గీసిన సంతకం
ఇక్కడికొచ్చేసరికి ఇంతే చప్పుడు.

పిల్లల బూట్లు. ఇరవై రెండు డాలర్ల మీద ముప్పై ఒకటి.
గోరుతో గీకితే కింద పందొమ్మిది,
దాని కింద పదహారు.
ఉల్లిపాయ వలిచినట్టే ఉందనుకుంది,
కళ్ళు మాత్రం మండలేదు.

బ్రేక్ రూములో నోరు నొక్కేసిన టీవీ
ఎర్ర బాణాలు కిందికి చూపిస్తోంది.
అందులో ఎక్కడో ఆమె పింఛనూ ఉంది.
ఆరేళ్ళ దూరంలో ఉన్న విశ్రాంతి
సోమవారం నుంచి తొమ్మిదేళ్ళకు జరిగింది.
కాఫీ మిషన్ మీదా కొత్త రేటే;
అతికించిందీ తనే.

పరాయి దేశం మీద వేసిన సుంకమట.
ఆ దేశం వెర్నాకి
బూటు నాలుక వెనక కుట్టిన పేరుగానే తెలుసు.

నాలుగింటికి ఒక్క జత,
మనవరాలి సైజు, వంకాయ రంగు,
అట్టపెట్టెల వెనక దాచింది
ఇరవై రెండుతోనే.

తెల్లారి కౌంటరు దగ్గర
స్కానర్ ఓసారి ఎర్రగా చూసి
ముప్పై ఒకటంది.
వెర్నా స్టిక్కర్ చూపించింది.
కుర్రాడు ఒరిన్ తలెత్తలేదు:
"అది కాగితం, వెర్నా."