పదకొండు – తొమ్మిది

తాతకి ఎడమ చెవి లేదు.
ఉంది, వినపడదు.
ఫిరంగుల పక్కన వైర్‌లెస్ సెట్టు మోసి మోసి
ఆ చెవి సర్కారుకే ఇచ్చొచ్చాడు, అనేది అమ్మమ్మ.
కుడి చెవికి ట్రాన్సిస్టర్ ఆనించి
కొరిటెపాడు డాబా మీద, నవారు మంచంలో
ఒక పక్కకే ఒరిగి పడుకునేవాడు.
నాకు తాతంటే ఆ ఒరుగుడే.
గోడ మీద మెడల్స్‌తో నిటారుగా నిలబడ్డ
నాయక్ పచ్చల యేసురత్నం ఎవరో
నాకు సరిగ్గా తెలీదు.

హాకీ అయినా, కబడ్డీ అయినా,
ఇక డ్రాయేనని అందరూ లేచి అన్నాలకు పోయిన
టెస్టు మ్యాచ్ ఐదోరోజు మధ్యాహ్నమైనా
ఆఖరి బంతిదాకా వినేవాడు.
"ఆడేవాడు ఎండలో ఉంటే
వినేవాడు నిద్దరోతాడా?" అని కసిరేవాడు.
తర్వాత నోటుబుక్కులో స్కోరు,
తేదీ, కింద ఒక గీత.

క్యాంటీన్ కోటా సీసాలు నెలనెలా తెచ్చి
చుక్కయినా ముట్టకుండా
ఏ.సి. కాలేజీ గ్రౌండులో కోచ్ సుందర్రావుకి అప్పగించేవాడు.
వారం తిరక్కుండా అవి ఒక వాలీబాల్,
ఒక్కోసారి సగం నెట్టు.
కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైతే
మా గుంటూరులో రమ్ము బంతయింది.
పాస్టరు గారికి తెలుసు.
తెలిసే, ఆ వాక్యం జోలికి ఎక్కువ పోయేవారు కాదు.

స్కూల్లో నేను పరిగెత్తింది ఒక్కసారే.
ఆఖర్న వచ్చాను, చెప్పు తెగి, ముక్కు కారుతూ.
గేటు దగ్గర స్టాప్‌వాచీతో తాత.
ఆ రాత్రి బుక్కులో చూశాను:
"సలోమి. ఆరో క్లాసు. రెండొందల మీటర్లు.
నలభై మూడు సెకన్లు. ఆగలేదు."

యుద్ధం గురించి అడిగితే
బూట్ల గురించి చెప్పేవాడు, చలి గురించి,
పప్పు ఎంతకీ ఉడకని ఎత్తు గురించి.
ఒక్కసారి మాత్రం, కరెంటు పోయిన రాత్రి,
ఎవరూ అడక్కుండానే చెప్పాడు:
పన్నెండు మందిమి వాలీబాల్ ఆడుతున్నాం.
పదకొండు – తొమ్మిది.
బంతి లోయలో పడింది.
ఇంకో బంతి లేదు, పైనుంచి తెప్పిద్దామనుకున్నాం.
నాలుగోరోజు మొదలైంది.
ఏడుగురం దిగొచ్చాం.

కరెంటు వచ్చింది.
ఫ్యాను చప్పుడులో ఇంకేమీ అనలేదు.
నోటుబుక్కు మొదటి పేజీ ఏమిటో నాకప్పుడు అర్థమైంది.
11 – 9, కింద గీత లేదు.

పెద్దాసుపత్రిలో చేరేనాటికి
కుడి చెవి కూడా పోయింది.
చిన్నప్పుడు నా అరచేతిలో ఆయన నేర్పిన
చుక్కలూ గీతలూ
ఇప్పుడు ఆయన అరచేతిలో నేను కొట్టాను.
చుక్కంటే వేలి కొన, గీతంటే వేలంతా.
రోజూ సాయంత్రం స్కోరు.
నర్సులు అదేదో ప్రార్థన అనుకున్నారు.

ఆ రోజు మనవాళ్లు ఓడారు.
ఎముకలు తేలిన ఆ చేతిని చూసి
గెలిచారని కొట్టాను.
తాత కళ్లు తెరవలేదు.
చూపుడువేలుతో నా మణికట్టు మీద
రెండుసార్లు తట్టాడు.
సిగ్నల్స్‌లో దానర్థం నాకు తెలుసు.
మళ్లీ పంపు.

ఎట్టా తెలిసిందో తెలీదు.
నా వేళ్లు వణికాయేమో.
నిజం స్కోరు పంపాను, ఒక్కో అంకె,
ఏడుస్తూ, చేయి జారకుండా.
తల ఊపాడు. పెన్ను అడిగాడు.
వంకర అంకెలు, తేదీ, కింద గీత.
అదే ఆఖరి పేజీ.

సమాధుల తోటకి సుందర్రావు కుర్రాళ్లు
ప్రాక్టీసు మధ్యలోంచి జెర్సీల్తోనే వచ్చారు.
ఎక్కడ నిలబడాలో తెలీక
కోర్టులో నిలబడినట్టే నిలబడ్డారు.
ముందు ముగ్గురు, వెనక ముగ్గురు.
గుంటకి అవతల పక్కన ఎవరూ లేరు.

నోటుబుక్కు పెట్టెలో పెడదామంది అమ్మ.
నేనివ్వలేదు.
నాకు ఆటలు తెలీవు. ఇప్పటికీ
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పలేను.
కొన్ని రాత్రులు మొదటి పేజీ తీసి
ఆ అంకెల కింద వేలు పెట్టి
గీత గీయకుండా
కాసేపు అలా ఉంచుతాను.