ముప్పై ఎనిమిది దగ్గర

రోడెల్ మనీలా పోతూ పోతూ
పదిహేను దీనార్లకు అంటగట్టిన లెన్సు.
కెమెరాకు బుద్ధిగానే బిగుసుకుంటుంది గానీ
తన పేరు మాత్రం చెప్పదు.

కరెక్షన్ గడిలో టిక్కు పెడితే
కంపెనీ: ఖాళీ. మోడల్: ఖాళీ.
ప్రొఫైల్ దొరకలేదు.
గుదైబియా సందులో రాత్రిపూట ఆపి అడిగినట్టు,
సీపీఆర్ ఏది? కఫీలెవరు?

జుఫైర్‌లో అద్దె ఫ్లాట్లు తీస్తే
గోడలన్నీ పొంగిన పూరీలు.
దగ్గరి చుట్టంలా కనిపించిన
ఇంకో లెన్సు ప్రొఫైల్ తెచ్చి తగిలించాను.
నడిమి పొట్ట తగ్గింది,
కొసలకు మీసం తిరిగింది.
"ఇల్లు తాగి ఉందా ఏమిటి?" అన్నాడు కుర్యన్ సార్.

శుక్రవారం.
గదిలో ఏడుగురం, అయిదుగురు నిద్ర.
బాత్రూం గోడకు తెల్ల టైల్స్, పదకొండు వరసలు.
బకెట్ బోర్లించి, తువ్వాలు మడిచి, కెమెరా పెట్టాను.
బయట బుచ్చిమల్లు తలుపు బాదుతున్నాడు:
"లోపట ఏం తీస్తున్నవ్‌రా?"
"గీతలు."
"గీతలా! జెర బయటికి రా, నా గీత దాటుతున్నది."

టైలు సందు పట్టుకుని
స్లైడర్‌ను వెంట్రుకంత, వెంట్రుకంత జరిపి
గీత గీతలా నిలబడేసరికి రాత్రి ఒంటిగంట.
నా లెన్సుకు నేనే పేరు పెట్టి దాచాను:
బాత్రూం ఒకటి.

సోమవారం సిత్రాలో కంపెనీ గ్రూపు ఫోటో.
నలభై ఇద్దరు, మూడు వరసలు, పసుపు హెల్మెట్లు.
ఆలస్యంగా ఉరికొచ్చి ఎడమ కొసన
ఇరుక్కున్నవాడు బుచ్చిమల్లు.

బాత్రూం ఒకటి. నూటికి నూరు.
స్తంభాలు లేచి నిలబడ్డాయి,
రేకుల కప్పు దారం కట్టినట్టుంది.
వంపు తీసిన చోట మిగిలిన అంచును
సాఫ్ట్‌వేర్ తనంతట తానే కోసేసింది.
బుచ్చిమల్లు ఒక చెవి.

డెబ్బై: చెవి, చెంప.
యాభై: ఒక కన్ను, అది నన్నే చూస్తోంది.
నలభై దగ్గర రెండు కళ్లూ వచ్చాయి, భుజం రాలేదు.
ముప్పై ఎనిమిది.
మనిషి మొత్తం వచ్చాడు,
కప్పు కొంచెం కుంగింది.

మూలల చీకటి కాస్త ఎత్తితే
చొక్కా మీది నంబరు కూడా తేలింది.

"కప్పు వంగిందేం?"
"ఎండకు సార్."
కుర్యన్ సార్ కిటికీలోంచి ఎండను చూసి
ఊరుకున్నాడు.

రాత్రి ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూసుకుంటూ బుచ్చిమల్లు,
"నా బుగ్గలు గింత లావున్నయా?"
"అంచున ఉన్నోళ్లను లెన్సు కొంచెం సాగదీస్తది.
కావాలంటే సరిచేస్తా."
"వద్దు, ఉండనీ.
గిట్లనే ఇంటికి పంపుత."