కడబంతి

ఏడో గదిలో గోడ పొడుగునా ఒక పెళ్ళి విందు.
సముద్రపు పిల్లను మనిషికిచ్చి చేస్తున్నారు,
ఆకాశం ఖాళీ చేసి దేవతలంతా దిగారు.

నేను ఈ ఘెంట్ మ్యూజియంలో కొత్త గైడుని.
జేబులో రాసుకున్న అట్టముక్కలు, చేతిలో ఎర్రచుక్క దీపం.
"ఇదిగో త్రిభుజం," అంటాను వచ్చినవాళ్ళతో,
"పెళ్ళికూతురి ముత్యాల కొప్పు దాని శిఖరం.
బల్లని ఏటవాలుగా ఎందుకు వేశాడంటే
మీ చూపు నూనె మీద కాలు పెట్టినట్టు జారి
ఆ బంగారు పండు దగ్గర ఆగాలి.
మూడు చేతులు. ఒక్కటీ ఇంకా తాకలేదు.
నెమలి కళ్ళు పెద్ద దేవత అనుమానం,
ఒలిచిన నిమ్మచెక్క తీపి వెనకాల రాబోయేది.
చివర ఖాళీ కుర్చీ
పిలుపు అందని తగవులమారి దేవతది,
కలహమే ఆమెకి భోజనం."

గోడెలీవ ముక్కాలిపీట మీంచి దగ్గింది.
పందొమ్మిదేళ్ళ కాపలా, అరిగిన ఎడమ మోకాలు,
బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ.
ఆమె పేరు పిలిస్తే ముందు గోడే పలుకుతుంది.
పైకప్పు అద్దాల మీద వాన మరమరాలు పోస్తోంది.
జనం పక్క గదికి వెళ్ళాక అంది:

"ఖాళీ కుర్చీ కాదబ్బాయ్, వెనక్కి జరిపిన కుర్చీ.
కింద తివాచీ ముడత చూడు.
రొట్టె కొరికి ఉంది, పంటిగుర్తు చిన్నది.
కుర్చీ చెక్కుకి పచ్చదారం ఒకటి పట్టుకుంది,
ఉన్నంతలో మంచి బట్ట కట్టుకునే వచ్చింది.
పిలవని పేరంటమే. అయినా వచ్చింది,
కూర్చుంది, చాలాసేపు కూర్చుంది.
పండు ఆ తర్వాతి మాట."

మరి ఎందుకు లేచింది?

"నీ త్రిభుజం చెరిపేసి వీపులు లెక్కపెట్టు."

ఇరవై రెండు.
ఇన్నాళ్ళూ నేను లయ అని చెప్పుకొచ్చిన ఒంపులన్నీ
ఆ కుర్చీకి తిప్పిన వీపులు.
యుద్ధదేవుడి డాలు కూడా అటే అడ్డం.

నాకు మార్చి నెల గుర్తొచ్చింది.
దాతల కోసం ఇదే గదిలో తెల్లగుడ్డ పరిచిన బల్లలు,
పచ్చాకు పులుసులో ఈల్ చేప, వెండి చెంచాల చప్పుడు.
గోడెలీవ తలుపు దగ్గర నిలబడే ఉంది నాలుగు గంటలు.
నా పక్కన ఒక చోటు మిగిలింది.
దాని మీద నా కోటు పెట్టాను.

ఏమనాలో తెలియక ఎర్రచుక్కని అటూ ఇటూ ఆడించాను.
అది వెళ్ళి ఆ కుర్రాడి మీద ఆగింది:
చట్రం అంచున సగం తెగిపోయినవాడు,
కూజా ఎత్తి పట్టుకున్నవాడు.
పోయిన చలికాలం పాత వార్నిష్ తీసేదాకా
అక్కడ ఉత్త చీకటి.
ఇంత విందులో వాడి మొహం ఒక్కటే కుర్చీ వైపు.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు.
వాడు ఎవరివాడో తెలియదు.
ఆమె లేచిపోయిన చోట గిన్నె మాత్రం
అంచుదాకా నిండి ఉంది.

తర్వాతి గుంపు మెట్లెక్కుతోంది.
నా అట్టముక్కలు ఇంకా
త్రిభుజం దగ్గరే ఉన్నాయి.