పదహారు వందల మీటర్లు

దేవరకద్ర రోడ్డు మీద
పాలకేంద్రం కాడికెల్లి కంకర మిషన్ దాక
సరిగ్గ పదహారు వందల మీటర్లు.
సైకిల్ చక్రం దొర్లిచ్చి కొలిచింది పంక్చర్ల మౌలాలి.

కోడి కూయకముందే ఉరికేటోడు కురుమూర్తి.
మోకాళ్ల మీద చేతులు పెట్టి, రొప్పుకుంట,
"ఎంతొచ్చింది మామా?"
ఆరు నిమిషాల రెండు సెకన్లు.
ఐదు యాభై.
బతిమిలాడినా మౌలాలి ఒక్క సెకను తగ్గించి చెప్పకపోతుండె.
ఐదు ఇరవై ఎనిమిది వచ్చిన్నాడు
అప్పుజేసి వాడకంత మిర్చీలు తినిపిచ్చిండు పిల్లగాడు.

ఇయ్యాల అదే రోడ్డు.
పూల లారీ కదుల్తలేదు.
పుణె పని ఇడిసి రాత్రి బస్సుకొచ్చిన మేస్త్రీలు,
బడిపిల్లలు,
బోరు పంచాయితిల మాటలు బందైన రెండు గెట్లోళ్లు
భుజం భుజం రాసుకుంట నడుస్తున్నరు.
బాలకిష్టమ్మ ఏడుస్తలేదు.
జెండా అంచు గాలికి లేస్తే
మల్ల మల్ల సదురుతున్నది.

కంకర మిషన్ కాడ బండి ఆగింది.
తుపాకులు మోగినయి.
కుంటల కొంగలు లేచి, ఎటు వోవాల్నో తెల్వక
అక్కడ్నే తిరిగినయి.

మౌలాలి అలవాటుగ గడియారం చూసుకున్నడు.
రెండు గంటల పది నిమిషాలు.

ఎవ్వరు అడుగలే.
పెట్టె దిక్కు వంగి
మొదటిసారి
తగ్గించి చెప్పిండు.