దుబాసీ పని

పలాస స్టేషన్లో పదకొండు మంది దిగారు,
ఏడు దేశాల వాళ్ళు.
మెడల్లో నీలం పట్టీల కార్డులు,
కార్డుల మీద నాకు నోరు తిరగని ఊళ్ళు.
కాశీబుగ్గలో ఇంగ్లీషు చెప్పుకునే నన్ను
మూడు రోజులకు దుబాసీని చేశారు.
రోజుకు ఎనిమిది వందలు, భోజనం వాళ్ళదే.

మొదటి రోజు హోటల్ హాల్లో
తెర మీద భూగోళం ఎర్రబడుతూ వచ్చింది.
శిక్షకుడు ఒకే మాట పదేపదే అన్నాడు.
నేను పదేపదే "సామర్థ్య నిర్మాణం" అన్నాను.
వెనక కుర్చీల్లో జీడిపిక్కల బట్టీ ఆడవాళ్ళు
మర్యాదగా తలలూపారు,
నా క్లాసులో పిల్లలు ఊపినట్టే.

టీ వేళ మడ్డు దాలమ్మ పక్కకు పిలిచింది.
"బాబూ, ఆ సామర్ద్యం అంతే ఏటి?"
ఎంత పడుతుందో అది, అన్నాను,
గిన్నెలో నీళ్ళు పట్టినట్టు.
"అయితే మాది కుంచం.
తిత్లీ రేతిరి పుట్టెడు పోసినాది.
ఇప్పుడు ఈల్లు కుంచాన్ని పెద్దది సేస్తారా,
పోసినోడి సెయ్యి పట్టుకుంతారా?"

కుంచానికి ఇంగ్లీషు దొరకలేదు.
పోసినోడికి దొరికింది గానీ
హాల్లో అనలేకపోయాను.

రెండో రోజు ఉద్దానం.
తలల్లేని కొబ్బరి మొండేలు,
వాటి నీడలో ఇంకా గెల వేయని మొక్కలు.
ఫిజీ నుంచి వచ్చినాయన ఒక మొండేన్ని
ఎద్దును నిమిరినట్టు నిమిరాడు.
వాళ్ళ ఊరినే కొండ మీదికి మోసుకెళ్ళారట.
"శ్మశానం కూడానా?" అని అడిగించారు మా వాళ్ళు.
రెండోసారి అడిగాక చెప్పాడు:
"వాళ్ళు రాలేదు."
ఈ రెండు మాటలూ తెలుగు చేయడానికి
నాకు గొంతు సర్దుకోవాల్సి వచ్చింది.

మూడో రోజు బట్టీలో
మొజాంబిక్ జసింటా,
రెండు రోజులుగా రాసుకోవడమే తప్ప నోరు విప్పని మనిషి,
దాలమ్మ పక్క పీట మీద కూచుంది.
పిక్కను కత్తి కింద పెట్టి కాలితో ఒక్క తొక్కు.
పప్పు విరగలేదు. గుండు.
బట్టీలో చప్పుడాగింది.
అరచేతులు తెరిచి చూపించింది:
జీడి నూనె తిన్న నలుపు,
వేలి చివర్లు నున్నగా, గీతల్లేకుండా.
దాలమ్మ తనవి వాటి పక్కన పెట్టి
"రేషను మిషన్లో ఈమెకీ ఏలిముద్ర పడదేమో, అడుగు" అంది.
అడిగాను.
ఆమెకు రేషను అర్థం కాలేదు, మిషను అర్థమైంది.
నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సర్టిఫికెట్ల కోసం వ్యాను హారన్ కొడుతోంది.
ఫోన్లో మెసేజి: కళింగపట్నం రేవులో
రెండో నంబరు జెండా.
పదకొండు మందికీ ఎలా చెప్పాలా అని
మాటలు కూడబలుక్కుంటూ పెరట్లోకి వచ్చేసరికి
తూర్పు నుంచి తడిగాలి.
ఆరబోసిన పిక్కల మీదికి దాలమ్మ టార్పాలిన్ లాగుతోంది.
రెండో కొస జసింటా చేతిలో ఉంది.

నేను రాళ్ళ కోసం వెతికాను.