తువ్వాలు కింద చెయ్యి

పుంగనూరు సంతలో
ఇరవై ఆరేండ్లుగా నా వేళ్ళే మాట్లాడతాండాయి.
తువ్వాలు కప్పి అవతలోడి చెయ్యి పట్టుకుంటే
ఒక వేలు వెయ్యి,
గుప్పిట అయిదు వేలు,
కణుపు నొక్కితే అయిదొందలు.
నోరు మాత్రం వానల సంగతి చెప్తా వుంటుంది.

పళ్ళు చూస్తాను, రెండా నాలుగా ఆరా అని.
పొదుగు నరం తడుముతాను.
తోక మెలిపెడితే ఆవు తిరిగి చూసే చూపులో
సగం ధర వుంటుంది.
మిగతా సగం అమ్మేవాడి కండ్లల్లో,
ఆ పొద్దు వాడింట్లో ఎంత అవసరముందో అంత.

అట్లాంటి నేను,
దళారి చెంగల్రాయుడు,
పళ్ళు లేనిదాన్ని, పొదుగు లేనిదాన్ని,
పలుపు వేసేదానికి మెడ కూడా లేనిదాన్ని
నలభై రెండు వేలు పోసి కొన్నా.

కొనిపించింది రీఛార్జి అంగడి యుగంధర్.
"కాయిన్ మామా ఇది. మేత అక్కర్లా, ఈత అక్కర్లా,
నువ్వు పడుకోనుంటే అది పెరగతా వుంటుంది."
పేరు నోరు తిరగలా. మీద కుక్క బొమ్మ.
"పాలెవురిస్తారు రా దీనికి?" అంటే
"నీ తర్వాత కొనేవాడు" అన్నాడు నవ్వతా.
నేనూ నవ్వినా.
ఆ మాటకు ఆడనే పళ్ళు పట్టి చూడాల్సింది.

మొదటి వారమంతా పచ్చ.
వాన తగిలిన జొన్నచేను మాదిరి గీత పైపైకి.
రాత్రి రెండింటికి లేచి చూస్తే అరవై ఒకటి.
తెల్లారి పేడ ఎత్తి చేతులు కడుక్కునేలోగా డెబ్బై.
"తీసెయ్యబ్బా, ఎనుమును కొందాం" అనింది సంపూర్ణ.
"లక్ష కానీ" అన్నా.
వచ్చిన బేరం వదలొద్దు సామీ,
ఎండెక్కితే ఆవు డీలా పడుతుందని
సంతలో వెయ్యిమందికి చెప్పుంటా.
నా నోటికీ నా చెవికీ మధ్య అంత దూరముందని
అప్పుడు తెలిసింది.

ఏ దేశంలోనో ఎవడో ఒక మాట అన్నాడంట.
ఏం మాటో నాకిప్పటికీ తెల్దు.
మా కొట్టంలో సెల్లు ఎర్రబారింది.
డెబ్బై, యాభై, టీ గ్లాసు దించేలోపల ముప్పై.
అమ్మేద్దామని వత్తితే తెరమీద చక్రం
గానుగెద్దు మాదిరి ఉన్నచోటే తిరగతా వుంది.
అది నిలబడేసరికి
పదకొండు వేల మూడొందలు.

లాభమొస్తే నూటికి ముప్పై సర్కారుదంట.
నష్టం మాత్రం మొత్తం మనదేనంట.
ఇదీ యుగంధరే చెప్పినాడు, ఆలస్యంగా.
"వుండు మామా, మళ్ళా లేస్తుంది" అన్నాడు గానీ
వాడి గొంతులో తడి లేదు.
వాడిది లక్షా ఎనభై, అంగడి మీద తెచ్చిన అప్పు.
తిడదామని పోయినోణ్ణి
వాడికి టీ చెప్పి వచ్చినా.

చచ్చిన ఆవుకైనా తోలుంటుంది.
కడుపుబ్బితే డాక్టరొస్తాడు, గొట్టం వేస్తాడు.
ఇది చచ్చిందో బతికిందో చెప్పదు.
పదకొండు వేల కాడ పడుకోని
అప్పుడప్పుడూ చెవులాడిస్తుంది.
ఆ చెవి కదిలినప్పుడల్లా నేను లేచి కూచుంటా.

తువ్వాలైతే కప్పినారు, సరే.
కింద నా చెయ్యి పట్టుకున్నదెవురు?
లక్షమందా,
లక్ష వేళ్ళున్న ఒక్కడా?
చెమట లేదు, కణుపు లేదు,
బేరం చెడితే "పోనీలేబ్బా" అని
భుజం తట్టే మనిషి లేడు.

నిన్న సంతకు చౌడేపల్లి గురప్ప
ఈనిన పొట్టి ఆవును తోలుకొచ్చినాడు.
తువ్వాలు కప్పినాం.
మూడు వేళ్ళు పట్టుకున్నాడు, నాలుగోది పట్టేముందు
ఆయన చెయ్యి వణికింది.
ఆ వణుకు విలువ నాకు తెలుసు. రెండు వేలు తగ్గించొచ్చు.
అవతల కొనేవాడు కళ్ళెగరేస్తా వున్నాడు.

నా వేళ్ళు కాసేపు ఏమీ చెప్పలా.
గురప్ప చెయ్యి గరుకుగా వుంది, వెచ్చగా వుంది.
"వానలెట్లున్నాయబ్బా మీ పక్క?" అనడిగినా.
జవాబు కోసం ఆగినా.