సీటు కింద స్విచ్

ప్లగ్గు విప్పాడు హెడ్లీ. మసి.
ఇసుక కాగితంతో గీకి చొక్కా అంచుకి తుడిచాడు.
టాస్మేనియాలో నవంబరు: గడ్డి మోకాలు దాటింది.

కార్బ్యురేటర్ గిన్నెలో నిరుటి పెట్రోలు,
ముదురు టీ రంగు, పాత వార్నిష్ వాసన.
పారబోశాడు. బ్యాటరీ నిక్షేపంలా ఉంది.
తాళం తిప్పితే టిక్కు మనదు
ఇరవై ఆరేళ్ల ఎర్ర మోవర్.

కంచె అవతల్నించి బ్రాన్విన్:
"సీటు స్విచ్ చూశావా?
పైన మనిషి లేడనుకుంటే అది కదలదు."

కూర్చునే ఉన్నాడుగా!

ఆసుపత్రి నుంచి వచ్చాక
బెల్టుకి మేకుతో రెండు కొత్త చిల్లులు పొడిచాడు.
ఆ సంగతి దీనికెవరు చెప్పారు?

కాసేపు అలాగే ఉండి,
షెడ్డులోంచి కోళ్ల దాణా బస్తా ఈడ్చుకొచ్చి
ఒళ్లో పెట్టుకున్నాడు.

దడదడమని అంటుకుంది ఇంజను.

ఆపిల్ చెట్ల వైపు, వంకరగా, మొదటి చాలు.
బ్రాన్విన్ నవ్వలేదు.
గేటు తీసి పట్టుకుంది.